రోగి మాత్రమే మాట్లాడవలెను

మా టౌన్లో మేం వెళ్ళే ఆస్పత్రి గోడ మీద ఒక నీలం బోర్డు ఉంది. దాని మీద ఉన్నన్ని షరతులు నా పెళ్ళి కుదిరినప్పుడు కూడా ఎవరూ పెట్టలేదు. ముందురోజే ఫోన్ చేసి టోకెన్ చెప్పుకోవాలి. పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే ఆ టోకెన్ పోయినట్టే. చెప్పులు మెట్ల కింద వదలాలి. ఫోన్లు ఆపాలి. పాత చీటీలు తేవాలి. ఇంజెక్షన్ పొడవమని డాక్టరుగారిని బతిమాలకూడదు. పక్కింటావిడ జబ్బుకి మనం మందు అడగకూడదు. ఆదివారం తలుపు తట్టకూడదు. వీటన్నిటి కిందా, మిగతా అక్షరాలకంటే పెద్దగా, ఎర్ర రంగుతో ఇంకో మాట: రోగి మాత్రమే మాట్లాడవలెను. తోడు వచ్చినవారు బయట కూర్చొనవలెను.

మా ఊరివాళ్ళకి ఆ బోర్డంటే నవ్వు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళం, పదిమందిమీ ఒక్కసారే నోరు విప్పితే తప్ప మాకు మాట్లాడినట్టు ఉండదు. ఒకరికి జ్వరం వస్తే ఆటో నిండా ఎక్కుతాం. జబ్బు మనిషి మధ్యలో ముడుచుకుని కూర్చుంటే ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నాడు, ఎవరి దిష్టి తగిలింది, అన్నీ చుట్టూ ఉన్నవాళ్ళే చెప్తారు. అలాంటి మమ్మల్ని పట్టుకుని ఒక్కరే మాట్లాడాలంటే ఎలా? మొదట్లో చాలామంది అలిగి వేరే డాక్టరు దగ్గరికి పోయారు. ఈయన హస్తవాసి మంచిదని మళ్ళీ ఈయన దగ్గరికే వచ్చారు.

ఆ ఎర్ర అక్షరాలు ఊరికే రాయలేదు. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళే చెప్పుకునే కథ ఇది. ఎప్పుడో ఒక కొత్త కోడలిని జ్వరమని తీసుకొచ్చారట. అత్తగారే అన్నీ చెప్పిందట. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుందట. జ్వరానికి మందు రాసి పంపేశారు. అసలు సంగతి, ఆ పిల్లకి కడుపు పోయి లోపల చెడింది. ఎవరికీ చెప్పుకోలేక ఊరుకుంది. ప్రాణం మీదికి వచ్చాకగానీ బయటపడలేదు. డాక్టరుగారు ఆ తర్వాతే రంగు డబ్బా తెప్పించి ఆ మాట రాయించారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళి, మా అత్త ముందు చచ్చినా అనలేని సంగతొకటి ఆయనతో చెప్పుకున్నాను. ఆయన విన్నారు, మందిచ్చారు, బయట ఎవరితోనూ అనలేదు. అందుకే ఆ బోర్డుని గట్టిగా తిట్టుకుందామన్నా నాకు మనసు రాదు. కోపమొస్తుంది, కానీ తిట్టలేను. అలాంటి కోపం మహా చెడ్డది, లోపలే ఉడుకుతూ ఉంటుంది.

మా అత్త నాకు రెండు రకాలుగా అత్త. మా నాన్నకి అక్క, నా మొగుడికి తల్లి. పుట్టినప్పటినుంచీ ఆవిడ చేతి దెబ్బలు తిన్నాను కాబట్టి పెళ్ళయ్యాక కొత్తగా భయపడాల్సిన పని లేకపోయింది. తెల్లవారే ఒడ్డుకి పోయి, బోట్లు రాగానే వేలం పాటలో చేపలు కొని, తట్ట ఆటోలో వేసుకుని ఉప్పు మడుల అవతల దిగి, అక్కడినుంచి నౌపడ వీధుల్లో నెత్తిన పెట్టుకుని అమ్ముతుంది. కవ్వళ్ళు, నెత్తళ్ళు, ఏది దొరికితే అది. ఆవిడ కేక వీధి మొదట్లో వినపడితే చివరింట్లో కత్తిపీట బయటికి వస్తుంది. నేను అంగన్‌వాడీలో పని చేస్తాను. మా సెంటరు అటే కావడంతో పొద్దున్నే ఇద్దరం ఒకే ఆటో దిగి కొంత దూరం కలిసి నడుస్తాం.

ఆ నడకలోనే కనిపెట్టాను. రైల్వే గేటు దగ్గర రోడ్డు కాస్త ఎత్తు ఉంటుంది. మునుపు ఆ ఎత్తు ఉందన్న సంగతే మా అత్తకి తెలీదు. అలాంటిది అక్కడికి వచ్చేసరికి ఆగడం మొదలుపెట్టింది. తట్ట దించమంటుంది. తలమీది గుడ్డ చుట్ట విప్పి మళ్ళీ చుట్టుకుంటుంది, అదేదో సరిగ్గా లేనట్టు. ఒక చెయ్యి చుట్ట పని చూసుకుంటుంటే రెండో చెయ్యి పిడికిలి బిగించి రొమ్ముల మధ్య నొక్కుకుంటూ ఉంటుంది. చలికాలం పొద్దున కూడా నుదుటి మీద చెమట. దవడ రాసుకుంటుంది. కాసేపటికి లేచి ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఏమైందంటే, "ఏటీ నేదు. నువ్వు నడు," అంటుంది.

మా నాన్న అచ్చం ఇలాగే చేసేవాడు. వల లాగినప్పుడల్లా పిడికిలితో ఛాతీ నొక్కుకుని, వాయువు అనేవాడు. ఒకరోజు అలాగే నొక్కుకుంటూ ఇసకలో కూలబడి మళ్ళీ లేవలేదు. ఆయనకి ఆవిడ తోడబుట్టిన అక్క. ఇద్దరిదీ ఒకటే రక్తం. డాక్టరు దగ్గరికి నడువు అని నేను, నాకేమీ లేదని ఆవిడ, ఇంట్లో రోజూ ఇదే గొడవ. చివరికి నేను అన్నం మానేసి కూర్చుంటే అప్పుడు వచ్చింది.

టోకెన్ పిలిచారు. నేను కూడా లేచాను. టోకెన్లు పిలిచే అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళతో బోర్డు చూపించింది. అత్త ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఆ తలుపు సరిగ్గా పడదు, పక్కన నిలబడితే మాటలు వినిపిస్తాయి.

"చెప్పమ్మా, ఎలా ఉంది?" అన్నారు డాక్టరుగారు.

"బాగున్నాను బాబూ. నువ్వెలగున్నావు?" అంది మా అత్త. ఆయన ఆవిడని నువ్వంటారు, ఆవిడా ఆయన్ని నువ్వే అంటుంది. అక్కడికి లెక్క సరిపోయింది.

"బాగుంటే ఇక్కడికెందుకొచ్చావు?"

"మా కోడలు తెచ్చినాది."

"ఎక్కడైనా నొప్పిగా ఉందా? ఆయాసం వస్తోందా?"

"అలాటివేటీ నేవు బాబూ. అందరం సల్లగున్నాం."

నేను తలుపు తోసుకుని వెళ్ళిపోయాను. "డాక్టరుగారూ, ఆవిడ చెప్పదు, నేను..." అని అన్నానో లేదో ఆయన చెయ్యెత్తారు. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. "ఆవిడకి నోరుందమ్మా. నువ్వు బయట కూర్చో. ఆవిడకేం కావాలో ఆవిడే చెప్తుంది," అన్నారు నెమ్మదిగా. కాపురానికొచ్చిన కొత్తలో నన్ను కాపాడిన మర్యాదే ఇప్పుడు నా మెడ పట్టుకుని గెంటింది. బీపీ చూశారు, గుండెకి ఈసీజీ కాగితం కూడా తీయించారు. అందులో ఏమీ లేదు. కాసేపు కూర్చుని విశ్రాంతి తీసుకున్న మనిషి గుండెలో ఏముంటుంది? పొద్దున్నే పరగడుపున పని చేయడం వల్ల గ్యాస్ పట్టి ఉంటుందని మాత్రలు రాసిచ్చారు.

రోడ్డు మీదికి రాగానే నేను మొదలుపెట్టాను. ఏం మనిషివి, నోట్లో ముత్యాలు ఉన్నాయా, డాక్టరు అడుగుతుంటే చల్లగా ఉన్నామంటావా, మేం చల్లగా ఉన్నామని చెప్పడానికి ఆటో ఎక్కి వచ్చామా అని నడిరోడ్డు మీద దులిపేశాను. ఆవిడ ఆటో ఎక్కి కూర్చుంది. ఉప్పు మడుల దగ్గరికి వచ్చాక ఒకే మాట అంది.

"నీ మొగుడు ఏట మీదున్నాడు."

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. మా ఇళ్ళలో మగాళ్ళు వేటలో ఉన్నంతసేపూ ఆడవాళ్ళ నోట చెడ్డ మాట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం కొండెక్కిందనాలి. ఇవి అందరిళ్ళలోనూ ఉన్నవే. మా ఇళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. నొప్పి అనకూడదు, జ్వరం అనకూడదు, ఏడవకూడదు. ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామనే చెప్పాలి. మాట నోటినుంచి వెళ్ళి నీటి మీద వాలుతుందని మా పెద్దవాళ్ళు అంటారు. ఊళ్ళో బోట్ల మీద వెళ్ళేవాళ్ళయితే మధ్యాహ్నానికి ఒడ్డెక్కుతారు, అప్పటిదాకా పళ్ళు బిగబట్టుకుంటే సరిపోతుంది. మా బావ, అదే నా మొగుడు, వెళ్ళింది వేరావలుకి. గుజరాతు బోట్లు. మా జిల్లా కుర్రాళ్ళు సగంమంది అక్కడే. వానాకాలం చివర్లో వెళ్తే ఎండాకాలంలో వేట ఆపేశాకే తిరిగొస్తారు. బోటు ఒకసారి నీటి మీదికి వెళ్ళిందంటే వారాలకి వారాలు ఫోను ఉండదు. రేవుకి వచ్చి చేపలు దించి, ఐసు నింపుకుని, ఒక రోజో రెండు రోజులో ఉండి మళ్ళీ పోతారు. అంటే మా అత్తకి నొప్పి ఉందని చెప్పుకోవడానికి, బావ ఇంటికొచ్చే ఎండాకాలం తప్పిస్తే, ఏడాదిలో ఉన్న రోజులు అవే.

"ఏట బందులో సెప్తానే, వాడు ఇంటికి వొచ్చాక," అంది.

"అప్పటిదాకా నీ గుండె క్యాలెండరు చూసుకుంటూ కూర్చుంటుందా?" అన్నాను. నాకు కోపం ముందు వస్తుంది, ఆలోచన వెనకాల వస్తుంది.

ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఆవిడే చెప్పింది. మా మావ సముద్రంలో పోయిన సంగతి నాకు తెలుసు. ఆ పొద్దున ఏం జరిగిందో తెలీదు. ఆవిడకి పన్ను పోటు. ఓర్చుకోలేక, ఊళ్ళోకి వచ్చిన నర్సమ్మ దగ్గర నోరు తెరిచి, "సచ్చిపోతన్నానమ్మా," అనేసిందట. అంతకుముందు ఎప్పుడూ అనలేదు. గాలి కూడా లేని రోజట అది. మధ్యాహ్నానికి తెప్ప తిరగబడిందని కబురు వచ్చింది. "నోరు జారినాను. అంతే. ఇంక జారను," అంది పొయ్యిలో పుల్ల సర్దుతూ. పన్ను పోటుకి, తెప్పకి సంబంధం ఏముందని అడగబోయి ఊరుకున్నాను. మావ పోయినప్పటినుంచీ ఆ మాటని కడుపులో పెట్టుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, నా మొగుణ్ణి పెంచిన మనిషి ఆవిడ. ఆ మనిషి ముందు నా చదువు, నా ట్రైనింగు ఎందుకూ పనికిరాలేదు. జాలితో పాటు భయం కూడా వేసింది. ఎందుకంటే నీటి మీద ఉన్నది ఆవిడ కొడుకు ఒక్కడే కాదు, నా మొగుడు కూడా.

బావ రేవుకి వచ్చిన రోజు చూసుకుని తీసుకెళ్దామని ఒక ఉపాయం ఆలోచించాను. అత్త కూడా సరేనంది, అప్పుడైతే నోరు విప్పుతానంది. తీరా బావ ఒడ్డెక్కి ఫోన్ చేసింది శనివారం పొద్దుపోయాక. మర్నాడు ఆదివారం. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను ఆటోలో వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను కూడా. మేడ మీద డాక్టరుగారి ఇంట్లోంచి పనిమనిషి చూసి, రేపు టోకెన్ తీసుకుని రమ్మంది. సోమవారం తెల్లవారేసరికి బోటు వెళ్ళిపోయింది. ఆ గేటు ఇనప ఊచలు పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆ మాత్రం విశ్రాంతి డాక్టరుకి మాత్రం అక్కర్లేదా అని నాకు నేనే సర్ది చెప్పుకుని ఇంటికొచ్చాను. సర్ది చెప్పుకోవడం నాకు అలవాటు లేని పని, రోజంతా ఒంట్లో బాగోలేదు.

కొన్నాళ్ళకి అనుకున్నంతా అయింది. సెంటర్లో పిల్లలకి అన్నం పెడుతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. రైల్వే గేటు దగ్గర మా అత్త నెత్తిమీద తట్టతో సహా కూలబడింది. నేను వెళ్ళేసరికి తోటి ఆడవాళ్ళు నీళ్ళు తాగించి నీడన కూర్చోబెట్టారు. కవ్వళ్ళు దుమ్ములో పడి ఉన్నాయి. అంత నొప్పిలోనూ ఆవిడ వాటిని ఏరుకోమని వాళ్ళకి చెప్తోంది. అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్దామంటే ససేమిరా అంది. ఇంటికి తీసుకెళ్ళమంది, కావాలంటే రేపు వస్తానంది. నేను ఆ సాయంత్రమే ఫోన్ చేసి మర్నాటికి టోకెన్ చెప్పాను. ఆ టోకెన్ కోసం మర్నాటిదాకా ఆగడం నరకంలా ఉంది, కానీ ఆవిడని ఎత్తుకెళ్ళలేను కదా.

పొద్దున్నే స్నానం చేసి, పండక్కి కట్టుకునే చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. పిలిచారు. వెళ్ళింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఎలా ఉందమ్మా?"

"బాగున్నాను బాబూ."

ఇక ఆగలేకపోయాను. టోకెన్ల అమ్మాయి నా చీర కొంగు పట్టుకుంది, విదిలించుకుని లోపలికి వెళ్ళాను. డాక్టరుగారు తలెత్తి, "అమ్మా, నీకు చెప్పాను..." అన్నారు.

"మీ బోర్డు చదివాను. నాకు చదువు వచ్చు," అన్నాను. "మీరు నన్ను మాట్లాడనివ్వరు. ఆవిడ మాట్లాడదు. కొడుకు సముద్రం మీద ఉండగా జబ్బు సంగతి నోటితో అంటే వాడికి కీడు జరుగుతుందని ఆవిడ భయం. గొంతు కోసినా చెప్పదు. మా నాన్న, ఆవిడ తమ్ముడు, ఇలాగే ఛాతీ పట్టుకుని పోయాడు. ఆవిడకి నడిస్తే గుండె నొప్పి వస్తోంది, నిన్న రోడ్డు మీద పడిపోయింది. ఇలాగే వదిలేస్తే చచ్చిపోతుంది!"

ఆ మాట నా నోటినుంచి వచ్చేసింది. మా అత్త కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచి నా నోరు మూసింది. చేపల వాసన ఎన్నటికీ పోని ఆ చెయ్యి నా మూతి మీద ఎంత గట్టిగా పడిందంటే పెదవి చిట్లింది. "ఒసే! నీ మొగుడే! నీ మొగుడు నీటి మీదున్నాడే!" అని అరిచింది. అరుస్తూనే ఆవిడ రెండో చెయ్యి పిడికిలి బిగుసుకుని ఛాతీ మీదికి వెళ్ళింది. మొహం బూడిద రంగుకి తిరిగింది. నా మూతి మీద చెయ్యి జారిపోయింది.

డాక్టరుగారు ఆ పిడికిలి చూశారు. ఆయన కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆవిడని బల్ల మీద పడుకోబెట్టి, నాలుక కింద మాత్ర పెట్టి, అప్పటికప్పుడు గుండె కాగితం తీయించారు. ఈసారి కాగితం మీద ఉండాల్సింది ఉంది. అది చేతిలో పట్టుకుని నా వైపు తిరిగారు.

"ఈ సంగతి నాకు ముందే ఎవరూ చెప్పలేదే," అన్నారు.

"ఎవరు చెప్పాలండీ?" అన్నాను. ఏడుస్తూనే అడిగాను. ఆయన అంబులెన్సుకి ఫోన్ చేశారు.

శ్రీకాకుళం తీసుకెళ్ళాం, అక్కడినుంచి విశాఖపట్నం పంపారు. గుండెకి వెళ్ళే నరం మూసుకుపోయిందని, చేతి మణికట్టులోంచి తీగ పంపి తెరిచారు. మనిషి దక్కింది. దక్కింది గానీ నాతో మాట మానేసింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. నర్సులు అడిగితే తల ఊపేది. నేను గంజి పట్టిస్తే తాగేది, నా మొహం మాత్రం చూసేది కాదు. ఆ పెద్దాస్పత్రిలో ఎలా ఉందని అడిగే పెద్ద డాక్టర్లకి కూడా ఒకటే జవాబు, బాగున్నాను బాబూ. వాళ్ళు రాసుకుని పోయేవాళ్ళు.

నా సంగతి చెప్పాలంటే, నేను ఈ నమ్మకాలన్నీ వెక్కిరిస్తూ పెరిగినదాన్ని. మా సెంటరుకి వచ్చే తల్లులకి తాయెత్తులు విప్పించినదాన్ని. అలాంటిది ఆస్పత్రి వరండాలో టీవీలో అరేబియా సముద్రంలో అల్పపీడనం అని ఎర్ర గీతల కింద అక్షరాలు పరిగెడుతుంటే అవి మళ్ళీ తిరిగొచ్చేదాకా నిలబడి ఇంకోసారి చదివాను. లోపలికి వచ్చి చూద్దును కదా, అత్త మంచం మీదనుంచి కూడా ఆ టీవీ కనిపిస్తోంది. ఆవిడకి చదువు రాదు, కానీ బొమ్మలో సుడి తిరుగుతున్న తెల్లటి మబ్బు ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొట్టమొదటిసారి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు, చూసింది అంతే. నేను బయటికి వెళ్ళి బావ నంబరుకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చేశాను. చిట్లిన పెదవి మీద పక్కు కట్టింది, దాన్ని నాలుకతో తడుముకుంటూ, అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఏదైనా దారి ఉందా అని ఆలోచించాను. సిగ్గేసింది. అయినా ఆలోచించాను.

ఇంటికి వచ్చాక కూడా అంతే. ఒకే ఇంట్లో ఇద్దరం, మాటల్లేవు. ఆవిడ పక్క మీద పడుకోవడం మానేసింది. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేది. ఎప్పుడు చూసినా అలాగే ఉండేది. నా మీద కోపంతో మూలన కూర్చుందనుకున్నాను. ఆవిడ పంతం నాకు తెలుసు, నాక్కూడా అందులో సగం వచ్చింది. నేనూ బతిమాలలేదు. కంచం పెట్టి, మాత్రలు పక్కన పెట్టి నా పని నేను చూసుకున్నాను. అల్పపీడనం ఎటో పోయిందని టీవీలో చెప్పారు. బోటు సంగతి ఎవరూ చెప్పలేదు.

బావ ఫోన్ మధ్యాహ్నం అన్నం వండుతుంటే వచ్చింది. "ఏటే, ఎలగున్నారు?" అన్నాడు, ఏమీ జరగనట్టు. నేను పొయ్యి ముందే చతికిలబడ్డాను. ముందే గాలి సంగతి తెలిసి ఏదో దీవి చాటున ఆగారట, అందరూ క్షేమమట, ఇప్పుడే రేవులో దిగారట. ఫోను తీసుకెళ్ళి అత్త చెవి దగ్గర పెట్టాను.

"ఒరే," అంది. "కాళ్ళు నేల మీదున్నాయేట్రా?"

"ఉన్నాయమ్మా. ఒడ్డు మీదే నిలబడున్నాను."

"నిజంగానా? నా మీద ఒట్టెయ్యి."

"నీ మీదొట్టమ్మా."

ఆవిడ మొహం వంకరలు పోయింది. ఇన్నాళ్ళుగా బిగించిన నోరు తెరిచి, నా ఎరుకలో మొదటిసారి, ఏడ్చింది. "ఒరే, పడుకుంటే ఊపిరి ఆడతం నేదురా. పట్నం నుంచి వొచ్చిన కాడినుంచీ అంతే. నడుం వాల్చితే గుండెల మీద ఎవుడో కూకున్నట్టుంటాది. గోడకి ఆనుకుని కూకునే తెల్లార్లూ గడుపుతన్నాను. కాళ్ళు నీరెక్కిపోనాయి. భయంగా ఉన్నాదిరా నాకు."

నేను ఆవిడ చీర అంచు పైకి లాగి చూశాను. పాదాల మీద వేలు పెడితే గుంట పడి, అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ అదే గోడకి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

ఫోన్లో బావ ఏదో అంటూనే ఉన్నాడు. ఆవిడ వినడం ఆపి, కళ్ళు తుడుచుకుని, ఫోను నా చేతిలో పెట్టింది. నా మొహంలోకి సూటిగా చూసింది.

"రేపు తెల్లారకుండా మళ్ళీ ఎల్లిపోతారంట," అంది. "ఇప్పుడే నన్ను ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవే. రేపైతే నేను సెప్పలేను."